వెనక్కి చూసిన పిల్ల

ఒల్షిన్‌కా
6 మార్చి 2003, గురువారం

అక్కా,

పొద్దున సున్నాకు ఐదు డిగ్రీలు దిగువ. ఆకాశం బూడిద రంగు, గాలి లేదు. బాయిలర్‌లో బూడిద తీసి బడి మెట్ల మీద చల్లాను. జనవరిలో నువ్వు జారిపడ్డ మెట్టు మీద ఇంకాస్త ఎక్కువ చల్లాను.

తుంటి ఎముక అతుక్కుంటోందని, శానటోరియంలో కర్రతో నడిపిస్తున్నారని రాశావు. మంచిది. నీ మూడో తరగతి ఎలా ఉందని అడిగావు. నేను బడి కాపలావాణ్ణి, బొగ్గు చేతులతో తరగతిలోకి వెళ్లను. గుమ్మం దగ్గర నిలబడి చూసినంత వరకు రాస్తాను.

నీ బదులు వచ్చిన రాదెక్ సారు కుర్రాడు. పిల్లలను బల్లల దగ్గర కూర్చోనివ్వడు. ఎక్కాలన్నీ వరండాలో సుద్దగళ్లు గీసి గెంతిస్తున్నాడు. ఆ సుద్ద సాయంత్రం నేనే కడగాలి. కిటికీ గట్ల మీద సీసాల్లో తడి దూది వేసి చిక్కుడు గింజలు మొలకెత్తిస్తున్నారు. గోడకు పెద్ద అట్ట క్యాలెండర్ కొట్టాను. రోజుకొకరు ఆ రోజు గడిలో బొమ్మ అంటిస్తారు. మంచుకు తెల్ల చుక్క, ఎండకు పసుపు చుక్క. పోయిన వారం, ఉపవాసాలకు ముందొచ్చే జామ్ బూరెల గురువారం నాడు, బూరె బొమ్మ అంటించి దానికి నిజం జామే పూశారు. చీమలు పడతాయన్నాను. "మార్చిలో చీమలెక్కడివి జెనన్ మామా" అన్నారు. నిజమే.

ఇప్పుడు ఇరవై ఒకటిన, చలీ చావూ ఊరు విడిచి పోవాలని, మఝాన్నా గడ్డిబొమ్మను నదిలో ముంచుతారట. ఆ గడ్డి ముసలిదానికి ఇళ్ల నుంచి పాతబట్టలు తెమ్మన్నాడు సారు. నిన్నటి నుంచి తరగతి అంతా గడ్డే. "ముక్కుకు క్యారెట్ పెడదాం సార్." "ఒరే, అది స్నోమాన్‌కిరా. చావుకు క్యారెట్టేంటి." "చావుకు ముక్కుండదా మరి?" అలా నడుస్తోంది.

గెనోవెఫా మనవరాలు యాగోదా నీలం కోటు తెచ్చింది. ఆ కోటు నీకూ తెలుసు. వాళ్లమ్మ లిద్కాది. ఇటలీలో ముసలమ్మను చూసుకునే పనికి బస్సెక్కిన రోజు, అక్కడ చలుండదని ఇక్కడే వదిలేసి వెళ్లింది.

"అమ్మ కోటు అడిగి తెచ్చావా?" అన్నాడు రాదెక్.

"పాతదే సార్. చలికాలం పోయాక వస్తానంది అమ్మ. వచ్చేటప్పుడు కొత్తది తెచ్చుకుంటుంది. దీన్ని ఎల్లుండే ముంచేయకూడదా?"

"వసంతం మొదలయ్యేది ఇరవై ఒకటినమ్మా."

"మనం ముందే ముంచేస్తే ముందే మొదలవదా?"

పిల్లలు నవ్వారు. తను నవ్వలేదు. నాకెందుకో ఇది రాయాలనిపించింది.

జెనన్

*

గోర్నా శానటోరియం
18 మార్చి

జెనెక్,

నా గురించి రెండు మాటలు: నడవాలో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి వస్తున్నాను. మా గదిలో రిటైరైన పోస్టు మాస్టరుగారి భార్య రోజంతా గురక పెడుతుంది, మేలుకున్నప్పుడు కూడా. అయిపోయింది నా సంగతి.

ఇక నీ రాదెక్. ఎక్కాలు గెంతితే వస్తాయా? నా దగ్గర ముప్పై ఏళ్లుగా కూర్చునే వచ్చాయి. సరే, నాకు కుళ్లు అనుకో. బూరె బొమ్మ సంగతి చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత ఆ తరగతిలో నేను లేనని గుర్తొచ్చి నవ్వు ఆగింది.

ఒక్క పని చెయ్యి. ఆ కోటు మఝాన్నాకు తొడగనివ్వకు. నేను ఎప్పుడూ దానికి ఆలుగడ్డల గోనె తొడిగించేదాన్ని, ఎందుకో తెలుసా? ఊళ్లో ఎవరి బట్టా దాని ఒంటి మీద కనిపించకూడదు. అమ్మ నాకు అది చెప్పే పంపింది బడికి. పట్నం కుర్రాడికి ఎవరు చెప్తారు? నువ్వు చెప్పు. నువ్వు చెప్పవు, నాకు తెలుసు, టోపీ తీసి నిలబడతావు. అయినా చెప్పు.

ఇంకోటి. యాగోదాను కాస్త కనిపెట్టుకుని ఉండు. ఎందుకని అడక్కు.

బొగుమీవా

*

ఒల్షిన్‌కా
22 మార్చి, శనివారం

అక్కా,

పొద్దున సున్నా. సన్నగా నీళ్లమంచు. గేటు గడియకు నూనె పెట్టాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. పొద్దున్నే వాళ్లు వెళ్లిపోయారు.

నేను కూడా వెళ్లాను, కర్రకు కట్టిన బొమ్మను మోయడానికి. వీధిలోంచి పాడుకుంటూ వెళ్లారు. రాదెక్ సారు గిన్నె మీద గరిటె వాయించాడు. రొట్టెల దుకాణం ముందు వరుసలో ఉన్న ఆడవాళ్లు చూసి నవ్వారు. బుర్రలో ఏముందో తెలియని ఒకామె, "అదిగో, మన లిద్కా పోతోంది చూడండర్రా" అంది. ఎవరో ఊరుకోమన్నారు. పిల్లలు విన్నారు.

వంతెన మీద బొమ్మకు నిప్పు పెట్టి పడేయాలనుకున్నారు. గడ్డి తడిసి ఉంది, అంటుకోలేదు. అగ్గిపుల్లలు అయిపోయాక అలాగే నదిలోకి వదిలేశారు. అది మునగలేదు. చేతులు చాపుకుని, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, మనిషి ఈదుతున్నట్టే పోయింది.

తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని పిల్లలందరికీ తెలుసు. చూస్తే ఇంట్లో ఒకరికి ముప్పని. రాదెక్ సారు దాన్ని కూడా ఆట చేశాడు, చూసినవాడు ఓడినట్టు. అందరూ మెడలు బిగబట్టి నడిచారు. యాగోదా చూసింది. నేను పక్కనే ఉన్నాను. ఒకసారి కాదు, నిలబడి, తిరిగి, అది మలుపు తిరిగేదాకా చూసింది.

బార్తెక్ అన్నాడు: "చూసింది సార్. వాళ్లింట్లో ఎవరో చస్తారు. కోటు కూడా వాళ్లమ్మదే."

"అవన్నీ కథలురా బార్తెక్. పదండి, వేడి చాక్లెట్ తాగుదాం."

"కథలైతే మరి మీరెందుకు చూడలేదు?"

సారు నవ్వేశాడు. యాగోదా చాక్లెట్ తాగలేదు.

బడి గేటు దగ్గర గెనోవెఫా నిలబడి ఉంది. కోటు సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. అరవలేదు. అందరి చేతులూ చూసి, "చావును మోసుకెళ్లి పారేసి, ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చారా?" అంది. రాదెక్ సారుకు అర్థం కాలేదు. ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

యాగోదాను కనిపెట్టుకోమన్నావు. ఎందుకని అడగడం లేదు.

జెనన్

*

ఒల్షిన్‌కా
31 మార్చి, సోమవారం

అక్కా,

వాన. ఆరు డిగ్రీలు. మంచు అంతా కరిగి నది గట్టు దాకా ఉంది. తూములో ఆకులు తీశాను.

నీ నుంచి ఉత్తరం లేదు. అయినా రాస్తున్నాను.

లిద్కా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తుందట. పోయిన ఆదివారం చేయలేదు. నిన్న కూడా చేయలేదు. గెనోవెఫా దగ్గరున్న నంబరుకు చేస్తే మోగుతుంది, ఎవరూ ఎత్తరు. "పనిలో తీరిక లేదేమోలే" అని ఆమె నాతో అంది, మొహం అటు తిప్పుకుని.

యాగోదా తరగతిలో అన్నిటికీ జవాబు చెప్తుంది. గెంతమంటే గెంతుతుంది. కానీ విరామంలో తన రొట్టె విప్పడం లేదు. రాదెక్ సారు ఈస్టర్ గుడ్లకు రంగు వేయడానికి ఉల్లిపొట్టు ఉడికిస్తుంటే పిల్లలంతా చుట్టూ మూగారు. ఈ పిల్ల కిటికీ దగ్గర నిలబడింది. ఆ కిటికీలోంచి నది కనిపిస్తుంది. నువ్వు బల్ల వేసుకునే కిటికీయే.

బార్తెక్ రోజూ అడుగుతున్నాడు, "చేసిందా మీ అమ్మ?" అని. మొదట ఎగతాళిగానే అడిగేవాడు. ఇప్పుడు వాడికీ భయం పట్టుకున్నట్టుంది. సారు వాణ్ణి పక్కకు తీసుకెళ్లి మాట్లాడాడు. తర్వాత సారే నా బాయిలర్ గదికి వచ్చి కూర్చున్నాడు. "నేనొక ఆట ఆడించాను జెనన్‌గారూ. అంతే కదా చేసింది?" అన్నాడు. టీ ఇచ్చాను.

శుక్రవారం నా బూట్లు, ప్యాంటు తడిశాయి. బాయిలర్ పక్కన ఆరేశాను. తోలు కాస్త బిగిసింది.

జెనన్

*

గోర్నా శానటోరియం
4 ఏప్రిల్

జెనెక్,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు వాన పడిందని రాస్తావు, ఆకులు తీశానని రాస్తావు, నీ బూట్లు తడిశాయని రాసి చుక్క పెడతావు. పుట్టినప్పటి నుంచి ఎరుగుదును నిన్ను. బూట్లు ఎందుకు తడిశాయి? ప్యాంటు ఎంత వరకు తడిసింది? తూము దగ్గర తడిస్తే తూము దగ్గరని రాసేవాడివి.

గెనోవెఫాకు చెప్పు, ఇటలీలో ఫోన్లు ఊరికే పాడవుతుంటాయట, కంగారు పడొద్దని. యాగోదాకు కూడా అలాగే చెప్పు. రాదెక్‌ను ఎవరూ తిట్టకండి. తప్పు నాది కూడా, ఆ ఉత్తరం ఒక రోజు ముందు రాయాల్సింది.

పిల్లను నది వైపు వెళ్లనివ్వకండి. ఒంటరిగా అసలు వెళ్లనివ్వకండి.

నేను బాగానే నడుస్తున్నాను.

బొగుమీవా

*

ఒల్షిన్‌కా
8 ఏప్రిల్, మంగళవారం

అక్కా,

మళ్లీ చలి. పొద్దున సున్నాకు మూడు దిగువ, తేటగా ఉంది. రెండు కిటికీలకు అద్దాలు బిగించాను.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ప్యాంటు నడుము వరకు తడిసింది.

ఆ శుక్రవారం, మార్చి ఇరవై ఎనిమిదిన, బడి వదిలాక గేటు వేయబోతుంటే, నా ఆకులు ఊడ్చే కర్ర కనిపించలేదు. యాగోదా సంచి గోడ మీద ఉంది. ఆనకట్ట దగ్గరికి పరుగెత్తాను. అక్కడ విల్లో చెట్టు వేళ్లలో కోటు చిక్కుకుని ఉంది. గడ్డి ఊడిపోయింది, కోటు ఒక్కటే, ఒక చెయ్యి పైకి లేస్తూ పడుతూ. పిల్ల ఆనకట్ట పలక మీద బోర్లా పడుకుని, కర్రతో దాన్ని అందుకోబోతోంది. నీళ్లు పలకను తాకుతున్నాయి. పిలిస్తే ఉలిక్కిపడి జారుతుందని పిలవలేదు. కింది వైపు నుంచి నీళ్లలోకి దిగి, వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. అప్పుడు తిరిగి చూసింది.

"అమ్మకు చలేస్తోంది మామా," అంది.

ఎత్తుకుని గట్టుకు తెచ్చాను. మేం చూస్తుండగానే వేళ్లు వదిలి కోటు వెళ్లిపోయింది. దాంతో గింజుకుంది. నా చెయ్యి కొరికింది. తర్వాత ఒక్కసారిగా బరువైపోయింది.

బాయిలర్ గదిలో కూర్చోబెట్టి ఆరబెట్టాను. గెనోవెఫాకు చెప్పలేదు. సారుకూ చెప్పలేదు. ఆనకట్టకు వెళ్లే దారిలో ముళ్లకంచె వేశాను. రోజూ బడి వదిలాక ఇంటి దాకా నేనే దిగబెడుతున్నాను.

నిన్న దారిలో అడిగింది: "వెనక్కి చూస్తే నిజంగా చస్తారా?"

చావరని చెప్పాను.

"అయితే మరి ఎందుకు చేయలేదు ఫోన్?"

ఇటలీలో ఫోన్లు పాడవుతుంటాయని చెప్పాను, నువ్వు చెప్పమన్నట్టే. నా మొహం చూసి, "మీకెవరు చెప్పారు?" అంది.

అక్కా, నువ్వు ఇటలీ చూడలేదు. అక్కడి ఫోన్ల సంగతి నీకేం తెలుసు? కోటు తొడగొద్దని రాసిన ఉత్తరంలోనే, పిల్లను కనిపెట్టుకోమన్నావు. అప్పటికింకా ముంచనేలేదు, ఫోన్ ఆగనూలేదు. నీకేదో ముందే తెలుసు. నువ్వు చెప్పకపోతే ఆ పిల్ల మళ్లీ ఆనకట్టకు వెళుతుంది. కంచె పెద్ద ఎత్తు లేదు.

జెనన్

*

గోర్నా శానటోరియం
10 ఏప్రిల్, గురువారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక నా కర్ర గదిలోనే మరిచిపోయి నడవా చివరి దాకా వెళ్లాను. డాక్టరు చూసి తిట్టాడు.

సరే. విను.

మార్చి మొదట్లో లిద్కా నాకిక్కడికి ఫోన్ చేసింది. నర్సు వచ్చి పిలిస్తే వెళ్లాను. ఏడవకుండా మాట్లాడాలని పళ్లు బిగబట్టింది పాపం, రెండో తరగతిలో దెబ్బ తగిలించుకుని వచ్చినప్పుడు ఎలా నిలబడేదో అలా. కడుపులో గడ్డ ఉందట. ఫిబ్రవరి చివరలో, మనమంతా జామ్ బూరెలు తినే గురువారానికి ముందే, డాక్టరు చెప్పాడట. కోయాలన్నారు. అక్కడి ఆస్పత్రిలో కోస్తామని తేదీ ఇచ్చారు, మార్చి ఇరవై నాలుగు, ముందు రోజే వచ్చి చేరమన్నారు.

"మా అమ్మకు చెప్పకండి టీచర్, ఆమె గుండె తట్టుకోదు. యాగోదాకు అసలు చెప్పకండి. అంతా అయ్యాక నేనే చెప్తాను. నాకేమైనా అయితే మాత్రం యాగోదాను అనాథ ఆశ్రమానికి పోనివ్వకండి." ఒట్టేయమంది. వేశాను.

కోశారు. తర్వాత పుండు చెడింది, జ్వరం పట్టుకుంది. తనతో పాటు పనిచేసే హలీనా అనే ఉక్రెయిన్ మనిషి నాకు కబురు చెప్తోంది. మొన్న చెప్పింది, మనిషిని గుర్తుపట్టడం లేదని.

ఇప్పుడు నువ్వు చెప్పు జెనెక్. నేనేం చేయను? "మీ అమ్మకు జబ్బు" అని చెప్తే, వెనక్కి చూసినందుకే అని ఆ పిల్ల లెక్క కడుతుంది. రేపు లిద్కా పోతే, తనే తోసి చంపానని బతుకంతా అనుకుంటుంది. చెప్పకపోతే ఆనకట్ట. నాకు అరవై ఏళ్లు వచ్చాయి, ఇన్ని వందల మంది పిల్లలకు చదువు చెప్పాను, ఈ ఒక్కటి తేలడం లేదు.

ఒట్టు తప్పానని నాకు తెలుసు.

బొగుమీవా

*

ఒల్షిన్‌కా
14 ఏప్రిల్, సోమవారం

అక్కా,

ఎండ. తొమ్మిది డిగ్రీలు. బొగ్గు గది ఊడ్చాను.

ఒట్టు వేసింది నువ్వు. నేను వేయలేదు. అందుకని చెప్పాను.

శనివారం నీ ఉత్తరం అందగానే ముందు గెనోవెఫాకు చెప్పాను. బండమీద పిండి పిసుకుతోంది. "నా గుండె తట్టుకోదందా?" అంది. "లిద్కా నాన్న పోయిన రోజు కూడా ఆవు పాలు నేనే పితికాను. నా గుండెకు దాని సర్టిఫికెట్ ఎందుకు?" తర్వాత పిండి చేతులతోనే కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, "ముందు ఆ పిల్లకు చెప్పండి. నేను తర్వాత ఏడుస్తాను," అంది. ఆనకట్ట సంగతి కూడా ఆమెకు చెప్పేశాను.

రాదెక్ సారు అంతా విని తెల్లబోయాడు. కానీ ఆ ఉపాయం అతనిదే. నాకు తట్టలేదు. సాయంత్రం ఖాళీ బడిలో యాగోదాను క్యాలెండర్ అట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. అమ్మమ్మ పిల్లల బల్ల మీద ఇరుక్కుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మీ అమ్మకు జబ్బు చేసింది యాగోదా. డాక్టరు ఆమెకు చెప్పిన రోజు ఇక్కడుంది," అన్నాడు. జామ్ బూరె గడికి ముందున్న గడి మీద వేలు పెట్టాడు. "మనం మఝాన్నాను ముంచింది ఎక్కడో నువ్వే చూపించు."

చూపించింది. చాలా కిందికి వెళ్లాల్సొచ్చింది. గోళ్లతో ఒక్కొక్క గడీ తాకుతూ దిగింది.

"వెనక్కి చూసింది ఇక్కడ," అంది.

"అవును. ఏది ముందు?"

వేలు తీయకుండా అడిగింది: "మరి కోటు? కోటు నేను బీరువాలోంచి ముందే తీశా."

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ పిల్ల మనసు కోటు దగ్గరే చిక్కుకుని ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

"ఎప్పుడు తీశావు?"

"మీరు బట్టలు తెమ్మన్న రోజు."

"ఆ రోజు ఎవరు అంటించారు చుక్క?"

"బార్తెక్. తలకిందులుగా అంటించాడు."

తలకిందులు చుక్క కోసం వెతికారు. బూరె తర్వాత ఉంది. పిల్ల రెండు వేళ్లు పెట్టింది, ఒకటి దాని మీద, ఒకటి బూరెకు ముందు గడి మీద. మధ్య గళ్లు లెక్కపెట్టింది. తర్వాత ఇటు తిరిగి, అమ్మమ్మను కాదు, నన్ను అడిగింది:

"అమ్మ చచ్చిపోతుందా?"

తెలీదన్నాను. "ఏదైనా సరే, అది నీ చేతుల్లో లేదమ్మా."

"నా చేతుల్లో లేకపోతే నేనేం చెయ్యాలి మరి?"

గెనోవెఫా బల్లలోంచి బయటపడి లేచింది. "సగం పని వదిలేసి వచ్చారు మీరు," అంది సారుతో. "చలిని మోసుకెళ్లారు. పచ్చకొమ్మను ఊళ్లోకి తేవద్దూ? తలుపు తీసి పెట్టి ఎవర్నీ లోపలికి పిలవకపోతే ఏమొస్తుంది, గాలి తప్ప?"

అతనికి ఆ రెండో సగం ఉందనే తెలియదు. పట్నం బడుల్లో ముంచి, సాసేజి కాల్చుకుని తిని వస్తారట. తల వంచుకుని రాసుకున్నాడు ఆమె చెప్పింది: పైన్ కొమ్మ, రంగు పట్టీలు, ఖాళీ గుడ్డు పెంకులు, పాడాల్సిన పాట.

ఇవాళంతా తరగతి గదిలో పైన్ వాసన. ఎల్లుండి ఊళ్లో తిప్పుతారు. యాగోదా పట్టీలు కత్తిరిస్తోంది. రొట్టె మాత్రం ఇంకా విప్పడం లేదు.

లిద్కా గొంతు వినకుండా ఈ పిల్లకు క్యాలెండర్ సరిపోదు. ఆ హలీనాను అడుగు. దీన్ని ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను, నువ్వు కూడా వీలైతే ఎక్స్‌ప్రెస్‌లో రాయి, లేదా బడికి ఫోన్ చెయ్యి.

జెనన్

*

గోర్నా శానటోరియం
15 ఏప్రిల్, ఎక్స్‌ప్రెస్

జెనెక్,

బడికి చేశాను, ఎవరూ ఎత్తలేదు, పైన్ కొమ్మలు నరుకుతున్నారేమో.

లిద్కాకు జ్వరం కాస్త దిగిందట. గుర్తుపడుతోంది. ప్రమాదం పోలేదని డాక్టర్లు అంటున్నారు, ఇంకోసారి కోయాల్సి రావచ్చు. రేపు మధ్యాహ్నం భోజనాల తర్వాత హలీనా వార్డులో ఫోన్ పట్టుకుని మంచం పక్కన ఉంటుంది. నంబరు ఈ కాగితం వెనక రాశాను. లిద్కా ఎక్కువసేపు మాట్లాడే స్థితిలో లేదు. గొంతు ఎలా ఉంటుందో తెలియదు. పిల్ల గుర్తుపట్టకపోవచ్చు, భయపడవచ్చు. అయినా కలపండి.

నీకు రాయలేదు కానీ, నువ్వు నీళ్లలోకి దిగిన సంగతి చదివిన రోజు నేను భోజనం చేయలేదు. నీకు ఈత రాదు కదరా.

బొగుమీవా

*

ఒల్షిన్‌కా
17 ఏప్రిల్, గురువారం

అక్కా,

పన్నెండు డిగ్రీలు, పడమటి గాలి. ఈస్టర్ సెలవులు ఇవాళ మొదలు. వరండాలో సుద్ద కడిగాను.

నీ ఎక్స్‌ప్రెస్ నిన్న పొద్దున అందింది. పిల్లలు అప్పటికే కొమ్మతో బయల్దేరారు. ఇంటింటికీ వెళ్లి పాడారు. గెనోవెఫా ముందు నడిచింది, రాదెక్ సారు మాటలు తప్పు పాడినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసింది. రొట్టెల దుకాణం ముందు ఆ బుర్రలేనామె నిలబడి ఉంది. ఈసారి ఏమీ అనలేదు. పిల్లలందరికీ గసగసాల రొట్టె ఇచ్చింది. యాగోదా తన వాటా జేబులో పెట్టుకుంది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలో కలిశాం. సారు నంబరు తిప్పాడు. చాలాసేపు మోగింది. ఏదో ఇటాలియన్ గొంతు, తర్వాత ఇంకో గొంతు. సారు రిసీవరు పిల్లకు ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకుంది. అవతలి మాటలు మాకు వినబడలేదు. ఇవతలివే రాస్తున్నాను.

"ఎవరు?"

ఆగింది. మొహం బిగుసుకుంది.

"మా అమ్మ గొంతు ఇలా ఉండదు."

గెనోవెఫా అడుగు ముందుకు వేసింది, నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. పిల్ల వింటోంది. గోడకేసి చూస్తూ వింటోంది. అవతల ఏం చెప్పిందో మరి, ఒక్కసారి కళ్లు గట్టిగా మూసుకుంది.

"అమ్మా," అంది. "తడిశావా?"

"కాదు, నీళ్లలో. నీళ్లలో తడిశావా అని... జుట్టు కూడా తడవలేదా?... చలేస్తోందా? దుప్పటి ఉందా?... ఒకటేనా?... ఇంకోటి అడుగు హలీనా ఆంటీని. అడుగు, నేను ఆగుతా."

నిజంగానే ఆగింది. అవతల దుప్పటి తెచ్చి కప్పేదాకా రిసీవరు చెవికి ఆనించుకుని ఆగింది.

"కప్పిందా? కాళ్లకు కూడానా?... సరే. పడుకో అమ్మా."

గుమ్మం వెనక బార్తెక్ నక్కి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరం చూడలేదు. యాగోదా రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, వాడి వైపు తిరిగి చెప్పింది:

"పొడిగానే ఉందిరా."

వాడు గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు. గెనోవెఫా రిసీవరు తీసుకుని కూతుర్ని తిట్టడం మొదలుపెట్టింది, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. సారు బయటికి వెళ్లిపోయాడు.

లిద్కాకు ఇంకోసారి కోయాలంటే కోస్తారు. అది పిల్లకు తెలుసు. సాయంత్రం దారిలో నన్ను అడిగింది, కోసేటప్పుడు నొప్పి తెలుస్తుందా అని. తెలియదు, నిద్రపుచ్చుతారని చెప్పాను. నమ్మింది. జేబులోంచి గసగసాల రొట్టె తీసి, నలిగినదంతా చివరిదాకా తినేసింది. నాకు పెట్టలేదు.

ఇక సెలవులకు బడి మూసే పనులు. కిటికీలన్నీ బిగించాను. చిక్కుడు సీసాలకు నీళ్లు మార్చాను, మొక్కలు తాడు పట్టుకుని పాకుతున్నాయి. బాయిలర్ చల్లార్చాను. ఇంకా మిగిలింది వెనక తలుపు, ఆ తర్వాత గేటు.

జెనన్